ఇంకో పేరేమైనా ఉందా

రాళ్ళవానోళ్ళకు అర్ధరాత్రి అయ్యేలోపు ఇది పంపెయ్యాలి, వాళ్ళ అర్ధరాత్రి అంటే ఇక్కడ పొద్దున్న పదకొండున్నర, ఇప్పుడు పదిన్నర దాటింది, మంచు ఇంకా లోయలోంచి కదలనంటోంది, ఫోన్‌లో సిగ్నల్ గీత వస్తోంది పోతోంది, కనక మాత్రం మిరియాల తీగ పాకిన సిల్వర్ ఓక్ మానుకు వీపు ఆనించి, ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని, తెర మీదున్న ఆ ఒక్క ప్రశ్నను తప్ప చుట్టూ ఉన్నవన్నీ చూస్తోంది. కాఫీ చెట్ల మధ్య కదులుతున్న అమ్మ తలగుడ్డను చూస్తోంది. మంచుకు తడిసిన తన చెప్పుల్ని చూస్తోంది. ఊళ్ళో సిగ్నల్ లేదు, డుంబ్రిగుడ దాకా దిగితే ఉంటుంది గానీ అక్కడ కూర్చోనిచ్చేదెవరు, అందుకని ఆఫీసంటే ఈ తోట గట్టే. ఈ గట్టు మీద కూర్చునే ఆమె సముద్రాల అవతలి ఇళ్ళ కప్పుల సంగతి తేలుస్తుంది. వడగళ్ళు పడి ఎవరి కప్పు సొట్టలు పోయిందో, ఎవరి కిటికీ పగిలిందో ఫోటోల్లో చూసి, ఇది మొన్నటి దెబ్బ, ఇది ఎప్పటిదో పాత తుప్పు అని రాస్తే దాన్నిబట్టి వాళ్ళకు ఇన్సూరెన్సు వస్తుంది, లేదా రాదు. అడ్జస్టర్ అంటారు ఈ పని చేసేవాళ్ళని. ఆ ఇళ్ళున్న రాష్ట్రం మట్టి తొక్కనివాళ్ళు ఈ పని చెయ్యాలన్నా ఆ రాష్ట్రమే లైసెన్సు ఇవ్వాలి, ఇచ్చి ఊరుకోదు, కొన్నాళ్ళకోసారి మళ్ళీ దండం పెట్టించుకుంటుంది. దాని పేరు పలకడానికి అమ్మకు నోరు తిరగదు, రాళ్ళవానోళ్ళు అంటుంది, నిజానికి అంతకంటే తగిన పేరు లేదు, ఏడాదిలో సగం రోజులు అక్కడ రాళ్ళవానే. లైసెన్సు ఉన్నంతకాలం ఈ గట్టు మీద ఉద్యోగం ఉంటుంది. గడువు దాటిందా, మళ్ళీ విశాఖపట్నం వెళ్ళి ఏ మొబైల్ షాపులోనో ట్యూబులైట్ల కింద నిలబడాలి, ఒకప్పుడు నిలబడింది, కళ్ళు మండి నీళ్ళు కారేవి, వచ్చినవాళ్ళు ఏడుస్తున్నావేంటమ్మా అనేవాళ్ళు.

పాఠాలన్నీ విన్నది, పరీక్ష రాసింది, నీతి నియమాల మీద ఒక పాఠం ఉంటుంది, అదీ చెవులు రిక్కించి విన్నది. దరఖాస్తు కూడా దాదాపు అయిపోయింది. మిగిలింది ఒక్కటే. మీరెప్పుడైనా వేరే పేరుతో గానీ వేరే పుట్టినతేదీతో గానీ ఉన్నారా, ఉంటే వివరించండి. పక్కన రెండు గుండ్రాలు, అవును అని ఒకటి, కాదు అని ఒకటి. పోయినసారి ఇవన్నీ కంపెనీవాళ్ళే నింపి పంపేశారు, కనక చూడను కూడా చూడలేదు. ఈసారి ఎవరిది వాళ్ళే నింపుకోవాలట, చివర ఇదంతా నిజమని ఒట్టుపెట్టి సంతకం చెయ్యాలట. ఎందుకు మారిందంటే శివప్రసాద్ వల్ల మారింది. కనక పక్క లాగిన్‌లో పనిచేసేవాడు, జోకులేస్తూ ఉండేవాడు, కాలేజీ రోజుల్లో బండి మీద ఎవరినో గుద్దితే కేసయింది, అదెప్పుడో కొట్టేశారు కదా అని కేసులేమైనా ఉన్నాయా అన్నచోట కంపెనీవాళ్ళు లేవని పెట్టారు. అక్కడివాళ్ళు ఎలా తవ్వారో తవ్వారు. లైసెన్సు పీకేశారు, కేసుకి కాదట, లేదన్నందుకట. ఆ సాయంత్రమే అతని లాగిన్ ఆగిపోయింది, వీడ్కోలు మెసేజి పెట్టడానిక్కూడా వీల్లేకపోయింది. పొద్దున్నే టీమ్ లీడ్ హేమలత మేడం ఫోన్ చేసింది, "కనకా, ఇంకా పంపలేదా? ఎక్కువ ఆలోచించకు తల్లీ, అన్నిటికీ నో కొట్టేసి సబ్మిట్ చేసెయ్, నీకేముంది దాచడానికి" అంది. నాకేముంది మేడం, అని కనకా అంది. అని ఫోన్ పెట్టేసినప్పటినుంచీ ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోయింది.

దాచడానికేమీ లేదు, అదే చిత్రం, ఊరంతా ఎరిగిన సంగతే. కనక కంటే ముందు ఒక కనక ఉండేది. ఆ పిల్లకు మాటలు బాగా వచ్చే వయసులో, వానాకాలంలో జ్వరమొచ్చింది, కిందికి మోసుకెళ్ళే దారిలో గెడ్డ పొంగింది, వరద నీళ్ళు తగ్గేదాకా ఒడ్డునే కూర్చున్నారట, తగ్గేసరికి ఒళ్ళోని పిల్ల చల్లబడిపోయింది. పూడ్చేముందు నాయనమ్మ పొయ్యిలో మసి తీసి పిల్ల ఎడమ మడమకు రాసింది. మళ్ళీ వస్తే గుర్తుపట్టాలి గదా. మరుసటి ఏడు వానలకు కనక పుట్టింది, ఈ కనక. మంచీచెడూ చూసి చెప్పే దిసారిని పిలిచారు. ఆయన కంచుగిన్నెలో నీళ్ళు పోసి, ఈ ఇంట్లో పోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెప్పుకుంటూ ఒక్కో బియ్యపుగింజ వదిలాడు. ముత్తాత పేరుకు గింజ మునిగింది. ఎవరో అత్త పేరుకు మునిగింది. కనక అనేసరికి గింజ నిలబడిందట, నిలబడి తిరిగిందట, అమ్మ కెవ్వుమందట. మడమ తిప్పి చూస్తే నల్లమచ్చ. ఇంకేం కావాలి, వచ్చేసింది. చచ్చిపోయిన పిల్ల వచ్చేశాక కొత్త పేరెందుకు, కొత్త కాగితమెందుకు. రేషన్ కార్డులో కనక ఉంది, పుట్టినతేదీ ఉంది, అంగన్‌వాడీలో ఉంది. అన్నీ అలాగే ఉన్నాయి, మనిషే కొన్నాళ్ళు ఊళ్ళో లేదు, అంతే.

ఆశ్రమ పాఠశాలలో చేర్చుకున్న సూర్యనారాయణ మాస్టారు పల్లపు ప్రాంతం మనిషి. కార్డు చూశాడు, పిల్లను చూశాడు, "వయసుకి తగ్గ ఎత్తు లేదేంటమ్మా, తిండి సరిగ్గా పెట్టట్లేదా" అని అమ్మను కసిరాడు. అమ్మకప్పుడు తెలుగు అంతంతమాత్రం, అవును బాబూ అంది. ఆ పెద్ద వయసు పిల్లల మధ్య కూర్చుని బెంచీకి కాళ్ళందక ఊపుకుంటూ చదివింది కనక. ఆటల్లో ఆ వయసు వాళ్ళతో పరిగెత్తి ప్రతిసారీ చివరొచ్చేది. అందరికంటే ఆలస్యంగా పెద్దమనిషయింది, హాస్టల్ వార్డెన్ రహస్యంగా డాక్టరుకు చూపించింది. ఇంటికొస్తే మరో రకం. పనసగింజలు కాల్చి పెట్టి, నీకు పోయినసారీ ఇవే ఇష్టమే, అనేది నాయనమ్మ. కుక్కను చూసి జడిస్తే, పోయినసారి కరిసింది గదా, గుర్తుంది దానికి, అని అందరూ నవ్వేవాళ్ళు. అన్నం వద్దని మొండికేస్తే, పోయినసారి ఇంత మొండి కాదే, అనేవాళ్ళు. పోయినసారి, పోయినసారి. కనకకు పోయినసారి ఒక్క ముక్క గుర్తులేదు. గుర్తుందని మాత్రం చెప్పేది. ఎంతో గుర్తున్నట్టు మొహం పెట్టి, ఆ గెడ్డ ఒడ్డు, ఆ జ్వరం, అమ్మ ఒడి, అన్నీ విన్నవే తిరిగి చెబితే అమ్మ కళ్ళు తుడుచుకుని దగ్గరకు లాక్కునేది, ఆ లాక్కోవడం కోసం ఇంకో నాలుగు ముక్కలు కల్పించేది. ఒక వయసు దాటాక అది అబద్ధమో కాదో తనకే తెలియకుండా పోయింది. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే ఆ పొంగిన గెడ్డ కనిపిస్తుంది, ఎర్రటి నీళ్ళు, కొట్టుకుపోతున్న వెదురుబొంగు, నుదుటి మీద చెయ్యి. వెదురుబొంగు సంగతి ఎవరూ చెప్పలేదు. మరది ఎక్కడినుంచి వచ్చింది?

సిగ్నల్ పోయింది. తెల్లటి తెర మీద ఒక చుక్క గుండ్రంగా తిరుగుతోంది. ఇది ఇంకెవరి కేసో అయితే ఎంత బేగి తేల్చేసేది. నష్టానికి ముందు ఫోటో పంపండి, నష్టం తర్వాత ఫోటో పంపండి. ముందు ఫోటో లేదు, పెద్ద కనకను ఎవరూ ఫోటో తియ్యలేదు. తర్వాతది ఎదురుగా లాప్‌టాప్ గాజులో మసగ్గా కనిపిస్తోంది, నిద్రలేని మొహం, తలకు చుట్టుకున్న మఫ్లరు. సాక్ష్యం ఒక మచ్చ, ఒక బియ్యపుగింజ. ఇలాంటి కాగితం తన ముందుకొస్తే ఎర్రజెండా పెట్టి పై వాళ్ళకు పంపేదా లేదా? పంపేది. నిమిషం ఆలోచించేది కాదు. చనిపోయిన మనిషి పుట్టినతేదీ బతికున్న మనిషి వాడుకోవడం, దానికి వాళ్ళ పాఠంలో ఒక పేరుంది, వినడానికే ఒళ్ళు జలదరించే పేరు. కానీ ఆగు, ఆగాగు, చనిపోయిన మనిషి ఎవరు? ఈ కొండ మీద ఎవరినైనా అడుగు, ఆ కనక గుంట వచ్చీసింది గదా అంటారు. వచ్చేసిన మనిషి తన పేరు తాను వాడుకుంటే దొంగతనం ఎలా అవుతుంది? నాకు వేరే పేరు లేదు. పుట్టినప్పటినుంచీ ఒకటే పేరు, ఒకటే తేదీ. కాదు అని పెడితే అది అబద్ధం కాదే. ఒట్టు పెట్టొచ్చు. కొండదేవర మీద పెట్టొచ్చు, చర్చికెళ్ళే మేనత్త బైబిలు మీద పెట్టమన్నా పెట్టొచ్చు. అలా అనుకుంటుండగానే గీత ఒకటి వెలిగింది, తెర మళ్ళీ వచ్చింది, కనక వేలు కాదు దగ్గరకు వెళ్ళింది. వెళ్ళి ఆగింది. అమ్మ నోట ఒక్కసారి వింటే బాగుంటుందనిపించింది. పరీక్ష హాల్లోకి వెళ్ళేముందు దండం పెట్టుకున్నట్టు, అంతకుమించి ఏమీ లేదు. ఏం చెబుతుందో తెలిసిన ప్రశ్నే గదా.

"అమ్మా, ఒకపాలి ఇటు రా."

అమ్మ నడుముకు కట్టిన బుట్టలో ఎర్రగా కాఫీపళ్ళు, చేతులు జిగటగా ఉన్నాయి, పక్కనే చతికిలబడి చీరకొంగుకు తుడుచుకుంది. "ఏటే, రాళ్ళవానోళ్ళు ఏటంటన్నారు?"

"నాకింకో పేరుందేటని అడుగుతన్నారు."

"ఆళ్ళకెందుకంట?"

"ఆళ్ళ రూలు. లేదని పెట్టీయనా?" కనక నవ్వుతూనే అడిగింది. "నేను ఆ కనకనే గదా అమ్మా. నువ్వు నమ్మినావు గదా."

అమ్మ వెంటనే అవునంటుందనుకుంది. అమ్మ బుట్టలోంచి ఒక పచ్చికాయ ఏరి పారేసింది. ఇంకోటి ఏరింది. మంచులో ఎక్కడో ఎవరో మేకల్ని అదిలిస్తున్నారు. పళ్ళలో కలిసిపోయిన పచ్చికాయలన్నీ ఇప్పుడే ఏరాలా, ఇంటికెళ్ళాక ఏరుకోవచ్చు గదా, అని కనకకు చిరాకొచ్చింది, ఆ చిరాకు వెనకాల భయం వచ్చింది.

"నమ్మినాను," అంది అమ్మ. "గింజ తిరిగినప్పుడు నమ్మినాను. నీకు నడకొచ్చీదాకా నమ్మినాను."

"తరవాత?"

"పెద్దదానికి నీళ్ళంటే సచ్చీటంత బయం. సెంబుతో నీళ్ళు పోసినా నా మెడట్టుకుని ఏలాడీది. నువ్వు నడకొచ్చిన నాడే గెడ్డలో దిగిపోనావు. దిగి నవ్వుతన్నావు. ఒడ్డున నిలబడి సూసినాను. ఇది అది కాదు, అనీసుకున్నాను."

"మచ్చుంది గదా అమ్మా."

"మచ్చ ఎవులికుండదే."

కనక ఒళ్ళోని లాప్‌టాప్ పక్కకు నెట్టింది. "మరెందుకు సెప్పలేదు? మీ అత్తకి సెప్పలేదు, అయ్యకి సెప్పలేదు, నాకూ సెప్పలేదు. పోయినసారి పోయినసారి అని నాసేత అన్ని అబద్దాలు ఆడించినావు, నువ్వు ఏడిసినావు, నన్ను ఏడిపించినావు. ఎందుకే?"

అమ్మ ఈసారి కాయలు ఏరలేదు. "సెప్తే పేరు తీసీమంటారు. నీకింకో పేరెడతారు. మరి దాన్నెవులు పిలుత్తారు?" అంది. "దానికి పొటం లేదు, గుడ్డముక్క లేదు, ఉన్నదంతా ఆ పేరే. నువ్వున్నావు కాబట్టి రోజుకి ఎన్నిపాళ్ళో పిలుత్తన్నాను. పొద్దున్న లేపితే పిలుత్తన్నాను, బువ్వకి పిలుత్తన్నాను. లేకపోతే ఏటని పిలవాల, ఎక్కడ నిలబడి పిలవాల?"

కనకే అడిగింది, అడగాలని అడగలేదు, నోరు దానంతటదే అడిగింది. "గింజ తిరక్కపోతే నాకేటని పెడుదురు?"

"సుక్కురోరం పుట్టినావు. సుక్రి అందుము," అంది అమ్మ, ఎప్పుడో ఆలోచించి పెట్టుకున్నట్టు తడుముకోకుండా. "పనుంది, వస్తా," అని మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి కాఫీ చెట్లలోకి వెళ్ళిపోయింది.

ఒళ్ళు మండింది కనకకు. మొదట వచ్చింది మంటే, దుఃఖం కాదు. ఇన్నేళ్ళూ తలుపు దగ్గర నిలబడి కనకా అని అమ్మ పిలిస్తే పలికిందెవరు, ఆ గొంతులో ఉన్న ప్రేమ వెళ్ళిందెవరి దగ్గరికి, తన భుజం మీదుగా వెనకనున్న ఇంకెవరికో వెళ్ళిందా, హాస్టల్ గేటు బయట అరటిపళ్ళు పట్టుకుని నిలబడి పిలిచిన పిలుపు కూడానా, పది పాసయ్యానని పరిగెత్తుకొస్తే నా కనకే అని మొహం పట్టుకుని ఊపేసిన ఊపు కూడానా, జ్వరమొచ్చినప్పుడు రాత్రంతా వదలని చెయ్యి, అది నా నుదురు కాదా, నా జ్వరం కాదా, మరి ఆ వెదురుబొంగు, కొట్టుకుపోయే వెదురుబొంగు, అది నా కళ్ళు చూసిందే, నేనే ఎప్పుడో గెడ్డలో దిగి నవ్వుతూ చూసి ఉంటాను, దాన్ని తీసుకెళ్ళి పెద్ద కనక చావులో పెట్టుకున్నాను, నాదంటూ ఉన్న ఒక్క జ్ఞాపకాన్నీ దానికే ఇచ్చేశాను. సుక్రి. సుక్రి ఏ బడికి వెళ్ళింది? ఎక్కడికీ వెళ్ళలేదు. సుక్రికి రేషన్ లేదు, మార్కుల కాగితం లేదు, ఓటు లేదు. ఎవరూ పూడ్చకుండానే పోయింది పాపం, మడమకు మసి కూడా పెట్టలేదు. నో కొట్టేసెయ్ తల్లీ, నీకేముంది దాచడానికి. ఇందాకటి దాకా కాదు అని పెట్టి ఉండొచ్చు, గట్టిగా ఊపిరి పీల్చి పెట్టేసి ఉంటే సరిపోయేది, ఈ పీడ ఉండేది కాదు, అమ్మను పిలవకుండా ఉంటే సరిపోయేది. ఇప్పుడు ఆ గుండ్రం వైపు చూస్తే శివప్రసాద్ కనిపించలేదు, లైసెన్సు కనిపించలేదు. కాదు అంటే సుక్రి అనే పిల్ల లేనే లేదని తన చేత్తో సంతకం చేసినట్టు. ఒడ్డున నిలబడి చూసిన అమ్మకు కూడా తెలిసిన పిల్లని, అమ్మ పేరు కూడా ఎంచి పెట్టుకున్న పిల్లని.

గీతలు రెండయ్యాయి. ఎన్నాళ్ళకో రెండు గీతలు, సిగ్నల్ లేదని తప్పించుకోవడానికి కూడా లేదు. కనక అవును నొక్కింది. నొక్కగానే కింద రెండు గళ్ళు తెరుచుకున్నాయి. ఇతర పేరు. దాంట్లో సుక్రి అని రాసింది, ఇంగ్లీషు అక్షరాల్లో, ఆ పేరును ఎవరైనా ఎక్కడైనా రాయడం అదే మొదలు, అదీ ఎవరిదో రాష్ట్రంలో. వివరణ. ఈ పేరు, ఈ పుట్టినతేదీ మా అక్కవి అని రాసింది. నేను పుట్టకముందే ఆమె చనిపోయింది. మా ఆచారం ప్రకారం ఆమె పేరు నాకు పెట్టారు, ఆ కాగితాలతోనే బడిలో చేర్చారు. ఇంకా ఏదో రాయబోయింది, గింజ సంగతి, గెడ్డ సంగతి, అమ్మ తప్పు లేదన్న సంగతి. గడిలో చోటు లేదు. సంతకం చేసి పంపేసింది.

తెర మీద అక్షరాలు వచ్చాయి. మీ దరఖాస్తు పరిశీలనకు వెళ్ళింది. నిర్ణయం వచ్చేవరకు మీ పాత లైసెన్సు గడువుతోనే ఆగిపోతుంది, ఈలోగా ఏ క్లెయిమూ ముట్టుకోకూడదు. అంతే. పీకేశామని అనలేదు, శివప్రసాద్‌ది పీకేసినట్టు. అలాగని ఊరుకుంటామనీ అనలేదు. హేమలత మేడం ఫోన్ మోగుతోంది, మోగి మోగి ఆగింది, మళ్ళీ మోగింది. ఏం చెప్పాలి మేడానికి, ఎక్కడ మొదలుపెట్టాలి? ఉద్యోగం పోయినట్టేనా? పోయినట్టే ఉంది. భయమేస్తోంది, చాలా భయమేస్తోంది, అయినా లాప్‌టాప్ మూసినప్పుడు ఆ గాజులో కనబడ్డ మొహాన్ని ఒకసారి కొత్తగా చూసుకుంది. సుక్రీ, అని పెదాలతో అనుకుంది. ఎవరూ పలకలేదు. అలవాటు లేని పేరు, పలకడం ఎలాగో దానికీ తెలియదు.

కింద కాఫీ చెట్లలోంచి అమ్మ గొంతు వినిపించింది, పొడుగ్గా, కొండ అవతలివాళ్ళకు కూడా వినబడేలాగ.

"కనకా... బేగి రాయే... బస్తా ఎత్తాల!"

ఎవరిని పిలుస్తోందో కనకకు ఇప్పుడు తెలుసు. కదల్లేదు. అమ్మ మళ్ళీ పిలిచింది, ఈసారి గొంతులో కాస్త బెదురు ఉంది, కనకా, ఓ కనకా, అని. మూడోసారి పిలవడానికి ఊపిరి తీసుకుంటోందని ఇక్కడికి తెలుస్తోంది. ఈ కొండ మీద ఆ పేరుకు పలకగలిగిన నోరు ఒక్కటే ఉంది.

"వత్తన్నానమ్మా," అని గట్టిగా పలికి లేచింది.